పదకొండు గంటల నీళ్ళు

గడియారమ్మ నది ఒడ్డున కారు దిగేసరికి తొమ్మిదీ అయిదయింది. ఆకాశం రాత్రి కురిసింది చాలదన్నట్టు ఇంకా మొహం ముడుచుకునే ఉంది. ఆమె అసలు పేరు పోలీసుల్లో సగం మందికి తెలీదు. ఎవరేం చెప్పబోయినా ముందు "ఎన్నింటికి?" అని అడుగుతుందని వాళ్ళే ఈ పేరు తగిలించారు. భర్త పోలీసు ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆ తర్వాత ఆమె సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచి పన్నెండేళ్ళయింది. ఈ పన్నెండేళ్ళలో పేరు నిలిచిపోయింది, మోకాలు మాత్రం పాడైంది.

తెల్లవారుజామున అయిదున్నరకి ఆమెకి ఫోన్ చేసిన మనిషి కారు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. స్కూల్లో టీచరు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మా చెల్లెలు నదిలో పడిపోయిందని అందరూ తేల్చేశారమ్మా. నా మనసు ఒప్పుకోవడం లేదు. మీరైనా చూడండి."

ఆ నదిని చూడటానికి దేశదేశాల నుంచి జనం బళ్ళేసుకుని వస్తారు. వింతేమిటంటే రోజంతా అక్కడ చూడటానికేం ఉండదు. మెట్లుమెట్లుగా దిగే రాళ్ళు, వాటి సందుల్లో నీటి గుంటలు, అంతే. పైనున్న ఆనకట్ట గేట్లు రోజుకి రెండుసార్లు, పదకొండింటికోసారి, నాలుగింటికోసారి ఎత్తుతారు. అప్పుడా అరగంట సేపూ ఆ మెట్ల మీద నది విరుచుకుపడుతుంది. గేట్లెత్తే ముందు మూడు సైరన్లు. పావుగంట ముందు ఒకటి, అయిదు నిమిషాల ముందు ఒకటి, ఎత్తేటప్పుడు ఒకటి. నిన్న నాలుగింటి నీళ్ళలోనే టీచరు చెల్లెలు కొట్టుకుపోయిందని పోలీసులంటున్నారు. ఆమె ఆస్పత్రిలో నర్సు. భర్త కారు డ్రైవింగ్ నేర్పుతాడు. పాత అంబులెన్సు ఒకటి కొని, అందులోనే పడకా వంటా అమర్చుకుని, ఇద్దరూ నాలుగు నెలలుగా ఊళ్ళు తిరుగుతున్నారు.

పోలీసు అవుట్‌పోస్టులో బల్ల వెనక కూర్చున్న ఇన్స్‌పెక్టరు ఆమెని చూసి లేచాడు, గౌరవంతో కాదు. అతను గడియారమ్మకి సొంత మరిది, చనిపోయిన భర్తకి తమ్ముడు. కాలేజీ రోజుల్లో అతని క్యారేజీ సర్దింది ఈమే. ప్రేమగా ఉన్నప్పుడు "వదినా" అంటాడు, ఒళ్ళు మండినప్పుడు "వదినగారూ" అంటాడు.

"వదినగారూ, వచ్చేశారా! ఇక్కడ డిటెక్టివులకి పనేం లేదు. మనిషి పడింది, పోయింది. ఈ పూట నీళ్ళొదిలితే శవం దిగువన వలలో తేలుతుంది. అందాకా కూర్చుని కాఫీ తాగండి."

శవం అన్న మాటకి టీచరు తలుపు పట్టుకుంది.

"ఎన్నింటికి పడింది?" అంది గడియారమ్మ.

"మొదలెట్టారా! నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య."

"చూసినవాళ్ళు?"

"వంతెన మీద మూడొందల మంది. నీళ్ళొచ్చాక అందరూ నీళ్ళనే చూస్తారు గాని పక్కనున్న మనిషిని చూస్తారా? సాక్ష్యం కావాలంటే ఇదిగో." ప్లాస్టిక్ కవర్లో ఉన్న నీలం చెప్పు బల్ల మీద పెట్టాడు. "వంతెన కమ్మీ దగ్గర ఆరింటికి దొరికింది. మా ఆవిడదేనని వాళ్ళాయన చెప్పాడు."

ఆమె కవరు తిరగేసింది. "బాబూ, దీని అడుగున ఏముంది?"

"ఏమీ లేదు."

"నేనూ అదే అంటున్నాను. ఇది మెత్తటి గుడ్డ చెప్పు, ఇంట్లో తొడుక్కునేది. బళ్ళ దగ్గర్నుంచి వంతెన దాకా కంకర దారి. అంత దూరం నడిచొచ్చిన చెప్పుకి ఒక్క గీతయినా పడలేదే?"

"వాన కురిసింది కదా, కడుక్కుపోయింది."

"దుమ్ము కడుక్కుపోతుంది. గీతలు కూడా కడుక్కుపోతాయా?"

పక్కనున్న కానిస్టేబులు నవ్వాపుకోలేక దగ్గాడు. ఇన్స్‌పెక్టరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా వదినని గెంటేసేంత ధైర్యం లేదు. "అరగంట మాట్లాడుకోండి," అని లోపలి గది చూపించి, టోపీ తీసుకుని విసురుగా బయటికి నడిచాడు.

లోపల బెంచీ మీద నర్సు భర్త దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. భారీ మనిషి. గొంతు మాత్రం కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్ళ భయం పోగొట్టడానికి అలవాటు చేసుకున్నట్టు మెత్తగా ఉంది.

"మొదట్నుంచీ చెప్పండి, టైములతో సహా," అంది గడియారమ్మ.

"మొన్న మధ్యాహ్నం రెండూ ఇరవైకి వచ్చాం. బండి ఆపాం. అప్పట్నుంచి చక్రం కదల్లేదండీ. నిన్న నాలుగింటికి తనొక్కతే వంతెన మీదకి వెళ్ళింది. నేను బండి తుడుచుకుంటూ ఉండిపోయాను. అయిదైనా రాలేదు. అంతా వెతికి, అయిదూ నలభైకి ఇక్కడికొచ్చి చెప్పాను."

"వెళ్ళేటప్పుడు ఎలా ఉంది?"

"చాలా సంతోషంగా ఉందండీ. ఇంకో ఆర్నెల్లు తిరుగుదామంది."

"అబద్ధం!" టీచరు గొంతు గదంతా మోగింది. "మూడూ నలభైకి నాకు ఫోన్ చేసింది. ఈ బండి నాకొద్దక్కా, వచ్చే వారం డ్యూటీలో చేరిపోతున్నా, ఆయనకి చెప్పేశా అంది. వెక్కివెక్కి ఏడ్చింది!"

అతను దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "మొగుడూ పెళ్ళాలన్నాక లక్ష అనుకుంటాం, వదినా. సాయంత్రానికి మర్చిపోతాం."

గడియారమ్మ దాన్ని అక్కడే వదిలేసింది. మనిషి కాపలా కాసుకుంటున్న చోట తలుపు తట్టడం ఆమెకి ఇష్టం ఉండదు. కాపలా లేని వైపు చూస్తుంది.

"మీ బండి గురించి విన్నాను. చాలా బాగా చేయించారట."

అతని కళ్ళలో మొదటిసారి వెలుగొచ్చింది. "ప్రతి మేకూ నా చేత్తో కొట్టిందేనండీ."

"ఇక్కడ నేలంతా నదివైపు వాలుగా ఉంది కదా. పడుకుంటే దొర్లిపోరూ?"

"భలేవారే! పల్లంవైపు చక్రాల కింద చెక్కలు పెట్టి బండిని వాటి మీదకి ఎక్కిస్తాం. అప్పుడు సమంగా నిలబడుతుంది. లేకపోతే మంచం మీద మనిషీ ఆగదు, ఫ్రిజ్జు తలుపూ ఆగదు."

"అవి పెట్టేది మీరేనా?"

"అది ఆవిడ డిపార్టుమెంటు. చెక్కలు పెట్టి వెనక నుంచి అరుస్తుంది, నేను ఎక్కిస్తాను. నేను స్టీరింగ్ వదిలి దిగను. ఈ నాలుగు నెలల్లో వాటిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు." చెప్పడం పూర్తయ్యాక ఇదంతా ఎందుకడిగిందా అన్నట్టు చూశాడు.

"బండి తాళం ఇస్తారా?" అందామె. తొమ్మిదీ నలభై రెండు.

బళ్ళు ఆపే మైదానంలో ఆ పాత అంబులెన్సు చివరి వరుసలో ఉంది. ఎర్ర గీత మీద క్రీము రంగు కొట్టారు గాని గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. టీచరు తలుపు తీయగానే లోపల ఫ్రిజ్జు తలుపు దానంతటదే తెరుచుకుని, ఒక టమాటా కింద పడి, నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి నదివైపు గోడకి తగిలి ఆగింది. అక్కడ అప్పటికే ఒక గ్లాసూ, ఒక పెన్నూ, మూత ఊడిన నూనె సీసా పోగుపడి ఉన్నాయి. గడియారమ్మ లోపలికి అడుగు పెట్టి, తూలి, అల్మరా పట్టుకుంది.

"ఇదేమిటమ్మా, బండి ఇలా వాలిపోయింది?" అంది టీచరు. "మా చెల్లెలు దుప్పటి మీద ముడత ఉంటేనే ఊరుకోదు. ఇందులో ఎలా పడుకుంది?"

"పడుకోలేదు. ఎవరూ పడుకోలేరు."

తలుపు పక్కన దారానికి ఒక నోటు పుస్తకం వేలాడుతోంది. గుండ్రటి అక్షరాలు. రోగి మంచానికి చార్టు తగిలించే అలవాటు నర్సుకి బండిలోనూ పోలేదు. ఆగిన ప్రతి చోటా ఎన్నింటికి ఆగారో, మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో, చెక్కలు ఎటు పెట్టిందో రాసుకుంది. చివరి పేజీలో, మొన్నటి తేదీ కింద: "రెండూ ఇరవై. 48,316.4. ముఖం వంతెన వైపు. చెక్కలు కుడి రెండు చక్రాలకి."

గడియారమ్మ కిందికి దిగి బండి చుట్టూ తిరిగింది. చెక్కలు కుడి రెండు చక్రాల కిందే ఉన్నాయి. కాని బండి ముఖం వంతెన వైపు లేదు. వంతెనకి వీపు తిప్పి నిలబడి ఉంది.

"అర్థమైందామ్మా? మొన్న వంతెనకేసి ఆపినప్పుడు నది కుడివైపున ఉంది. పల్లం కుడివైపే కాబట్టి మీ చెల్లెలు చెక్కలు కుడికి పెట్టింది. తర్వాత బండిని ఎవరో తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి, తిరగేసి ఆపారు. ఇప్పుడు కుడివైపు మెరక. చెక్కలేమో మళ్ళీ కుడికే పెట్టారు. ఎత్తుగా ఉన్న వైపునే ఇంకా ఎత్తారు."

"మా చెల్లెలు అలా చెయ్యదు."

"చెయ్యదు. స్టీరింగ్ వదిలి ఎప్పుడూ దిగని మనిషి చేస్తాడు. మొదటిసారి ముట్టుకున్నాడు, పప్పులో కాలేశాడు."

డ్రైవర్ సీటు ముందు మీటరు 48,319.0 చూపిస్తోంది. పుస్తకంలో ఉన్నదానికంటే రెండూ పాయింట్ ఆరు కిలోమీటర్లు ఎక్కువ. వెళ్ళడానికి సగం, రావడానికి సగం. ఒకటీ పాయింట్ మూడు.

మోకాలు అరుస్తున్నా వంగి చక్రాల పైరేకు లోపల వేళ్ళతో గీకింది. పచ్చి బురద వచ్చింది. పక్క బండి ముందు బట్టలారేస్తున్న ముసలావిడని పిలిచి, "పిన్నీ, నిన్న వాన ఎన్నింటికి మొదలైంది?" అని అడిగింది.

"అయిదింటికి పావు తక్కువ. ఆరేసిన బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. రెండు నెలలుగా చుక్క లేదు, నిన్నే రావాలా?"

"ఈ బండి కదలడం చూశారా?"

"వాన పడగానే తలుపులేసుకున్నాం. ఏం చూస్తాం తల్లీ!"

రెండు నెలలు ఎండిన నేల. బురదలో నడిచిందంటే ఈ బండి వాన మొదలైన తర్వాతే నడిచింది. నర్సు భర్త అవుట్‌పోస్టుకి వచ్చింది అయిదూ నలభైకి. మధ్యలో ఉన్నది యాభై అయిదు నిమిషాలు.

ఆమె మళ్ళీ లోపలికెక్కి మంచం మీద దుప్పటి లాగింది. మంచం నిజానికి పాత స్ట్రెచరే. పరుపేసి మంచం చేశారు. చిన్న చక్రాలు, నడుముకీ కాళ్ళకీ బెల్టులు అలాగే ఉన్నాయి. ఆ చిన్న చక్రాల సందుల్లో బంకమట్టి ఇరుక్కుని ఉంది. మనుషుల్ని బతికించడానికి నర్సు జీవితమంతా ఏ బండి తోసిందో అలాంటి దాని మీదే ఆమెని తోసుకెళ్ళారు.

టీచరు ఆ మట్టిని చూసింది. "బతికుందా?"

"చెప్పలేనమ్మా. నదిలో మాత్రం పడలేదు. బండి కదిలేసరికి నీళ్ళే ఆగిపోయాయి. ఇక్కడికి ఒకటీ పాయింట్ మూడు కిలోమీటర్ల దూరంలో ఎక్కడో ఉంది."

అప్పుడే సైరన్ మోగింది. గడియారమ్మ చేతికేసి చూసుకుంది. పదీ పావు. పదకొండింటి నీళ్ళకి మొదటి సైరన్ పదకొండుకి పావుగంట ముందు మోగాలి. ఇది అరగంట ముందే మోగింది. ఆ చోటు నదివైపే అయితే నీళ్ళు అక్కడికీ పోతాయి. "ముందే వదులుతున్నారు!" అంటూ కుంటుకుంటూ పరుగు తీసింది.

గేట్లు నడిపే గది వంతెన చివర, ఎనభై మెట్ల పైన ఉంది. దారిలో రెండో సైరన్ మోగింది. ఆమె తలుపు తోసేసరికి పదీ ఇరవై ఏడు. లోపల మీటల బల్ల ముందు గేట్ల ఆపరేటరు, అతని వెనక చేతులు కట్టుకుని ఇన్స్‌పెక్టరు.

"ఆపు! నీళ్ళొదలకు!"

"ఎందుకు ఆపాలి?" అన్నాడు ఇన్స్‌పెక్టరు. "జనం రాకముందే శవం తీయిద్దామని నేనే ముందుకి జరిపించాను. ఆడకూతురు, నలుగురి ముందూ తేలితే బాగుంటుందా?"

"ఆమె నీళ్ళలో లేదు. బండి కదిలింది, బాబూ. కదల్లేదన్నాడు, కదిలింది. చెక్కలు తప్పు పెట్టాడు. స్ట్రెచరు చక్రాలకి మట్టి ఉంది."

"చెక్కలు! చెప్పులు! రేపు పైవాళ్ళడిగితే చెక్కలు చూపించనా? మొగుడు పెళ్ళాన్ని పోగొట్టుకుని ఏడుస్తుంటే మీరు మట్టి గీకుతున్నారు."

"నేనడిగేది అరగంటే."

"ఎప్పుడూ అంతే! అన్నయ్య ఉన్నప్పుడూ ఇంతే. నా ప్రతి కేసులోనూ తప్పులు వెతికి ఆయన చెవిలో వేసేవారు. నన్ను దద్దమ్మని చేసి కూర్చోబెట్టారు."

"తప్పులుంటే వెతకనా?" ఆమె గొంతూ లేచింది. "ఆ గొలుసు దొంగతనం కేసులో అమాయకుణ్ణి పట్టుకొచ్చి కూర్చోబెట్టింది ఎవరు? మీ అన్నయ్య పరువు కాపాడింది ఎవరు?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు?"

"నువ్వే తీశావు కాబట్టి!"

మూడో సైరన్ వాళ్ళిద్దరి గొంతుల్నీ మింగేసింది. ఆపరేటరు ఒకసారి ఇన్స్‌పెక్టరు మొహం చూశాడు. వద్దని ఎవరూ అనలేదు. మీట నొక్కాడు. కాళ్ళ కింద నేల అదిరింది. కిటికీలోంచి చూస్తే గేట్ల కింద తెల్లటి నురగ బయటికి ఎగదన్నుతోంది.

మెట్లెక్కి అప్పుడే వచ్చిన టీచరు రొప్పుతూ ఆపరేటరునే అడిగింది. "బాబూ, బళ్ళ మైదానానికి ఒకటీ పాయింట్ మూడు కిలోమీటర్లలో ఏముంది?"

ఆ ప్రశ్న అడగాల్సింది తను, అనుకుంది గడియారమ్మ. గదిలోకి వచ్చిన క్షణమే అడగాల్సింది.

"కింది రోడ్డులోనా? గేజీ గదమ్మా," అన్నాడు ఆపరేటరు. "పూర్వం నీళ్ళెంత ఎత్తున్నాయో కొలిచేవారు. ఇప్పుడెవరూ పోరు. ఆ రోడ్డు కూడా నీళ్ళొదిలితే మునుగుతుంది. నిన్నయితే అయిదింటికి గాని తేలలేదు."

"లోపలేముంటుంది?" అంది గడియారమ్మ.

"బావి. బావిలో తీగకి వేలాడే రేకు డబ్బా. నీళ్ళొచ్చి డబ్బా లేస్తే ఇక్కడ ఈ ముల్లు లేస్తుంది." గోడ మీదున్న గుండ్రటి పాత మీటరు చూపించాడు. "కాని దీనికి పిచ్చెక్కిందమ్మా. నిన్న రాత్రి నుంచి, నదిలో చుక్క నీరు లేనప్పుడు కూడా గంతులేస్తోంది. లోపల ఎలుకలు తీగ కొరుకుతున్నాయనుకుని రిజిస్టర్లో రాశాను."

నలుగురూ ముల్లుకేసి చూశారు. అది సున్నా దగ్గర వణికి, మూడుసార్లు ఎగిరింది. ఆగింది. మళ్ళీ మూడుసార్లు ఎగిరింది. మళ్ళీ ఆగింది.

"ఎలుకలకి లెక్కలొచ్చా?" అంది గడియారమ్మ. "ఆవిడే తీగ లాగుతోంది. రాత్రంతా లాగుతూనే ఉంది."

ఇన్స్‌పెక్టరు ఆపరేటరు భుజం పట్టి కుదిపాడు. "ఆపు! గేట్లు దించు!"

ఆపరేటరు మీట వెనక్కి లాగాడు. "దిగడానికి నాలుగు నిమిషాలు సార్. వదిలిన నీళ్ళని మాత్రం నేను ఆపలేను."

"ఆ గదికి ఎంతసేపట్లో చేరతాయి?"

"వదిలిన దగ్గర్నుంచి తొమ్మిది నిమిషాలు. రెండు నిమిషాలయిపోయింది."

"వదినా, ఫోన్ పెట్టెయ్యకు!" తన ఫోన్లోంచి ఆమెకి కలిపి, అలాగే చేత్తో పట్టుకుని అతను మెట్ల మీదుగా దూకాడు. అతని వెనకే టీచరు. నిమిషంలోపే కింద జీపు అరిచింది.

ఇక పరుగెత్తలేని మోకాలితో గడియారమ్మ మీటరు ముందు నిలబడిపోయింది. పాత గది, మూసిన తలుపు, నదిలో పోయిందని ఊరంతా నమ్మిన మనిషి. ఏళ్ళ తరబడి ఎవరూ ఆ తలుపు తీసేవారు కాదు. నర్సు భర్త లెక్క అది. అందులో తప్పు పట్టానని మురిసిపోయి, ఇక్కడికొచ్చి మరిదితో పాత పంచాయితీ పెట్టుకుంది. ఆ మూడు నిమిషాలూ తన నోటి వల్లే పోయాయి. ఆమెకి ఏడుపొచ్చింది.

"గది పైకప్పు ఏ గీత దగ్గర?" అని అడిగింది.

"ఏడమ్మా."

"వదిలిన నీళ్ళకి ఎంత దాకా లేస్తుంది?"

"ఇంత త్వరగా ఎప్పుడూ దించలేదమ్మా," అన్నాడు ఆపరేటరు.

ఫోన్లో జీపు బ్రేకు చప్పుడు, పరుగులు, టీచరు కేక. ఇనుము మీద ఇనుము మోగింది. "కొత్త తాళం, వదినా," ఇన్స్‌పెక్టరు రొప్పుతున్నాడు. "పెద్దది. విరగడం లేదు."

"లోపల్నుంచి పలుకుతోంది!" టీచరు గొంతు. "అక్కా అంటోంది! అమ్మా, వింటున్నారా, బతికే ఉంది!"

గోడ మీద ముల్లు మూడుసార్లు ఎగిరి ఆగింది. ఆ తర్వాత ఎగరలేదు. ఎవరి చెయ్యీ పడకుండానే, తొందరేం లేనట్టు, పైకి జరగడం మొదలుపెట్టింది. ఒకటో గీత. రెండు.

"నీళ్ళొచ్చేశాయమ్మా," అన్నాడు ఆపరేటరు. "రోడ్డు మీదకి కూడా వచ్చేసి ఉంటాయి. వాళ్ళని వెనక్కి రమ్మనండి."

గడియారమ్మ ఫోన్ నోటికి ఆనించుకుంది. వెనక్కి వచ్చెయ్యమని మరిదికి చెప్పాలి. అవతల తాళం మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. ఆ దెబ్బల మధ్య, పెద్దవుతున్న నీటి హోరులో, ఎవరో ఆడమనిషి అక్కని పిలుస్తోంది. ముల్లు నాలుగో గీత దాటింది. ఆమె నోరు తెరిచింది గాని, ఆ మాట రాలేదు.